పాదం నెమ్మదిస్తే… పైసా మిగులు, ప్రాణం పదిలం

*మెరుగైన డ్రైవింగ్ నేర్పే సంస్థలు, క్లబ్బులు ప్రమాదాల నివారణతోనే సరిపెట్టుకోవాలా? ఇంధన పొదుపు కూడా వాటి పాఠంలో ఉండాలా? బస్సు డిపోలు, రైలింజన్ల షెడ్లు, శిక్షణ కళాశాలలు ఉన్న సికింద్రాబాద్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటినుంచో రోడ్డు మీదా పట్టాల మీదా కనిపిస్తూనే ఉంది.*

ఉదయం తొమ్మిదిన్నర. ప్యారడైజ్ దగ్గర పచ్చలైటు పడింది. ముందు వరసలో కాచుకుని ఉన్న బైకులు గుంపుగా దూకాయి. వాటి వెనకే ఓ క్యాబ్, గేరు మార్చే తీరిక లేనట్టు ఇంజిన్‌ను అరిపిస్తూ, ఆటో పక్కనుంచి కట్ కొట్టి పట్నీ వైపు పరుగు తీసింది. అక్కడ ఎర్రలైటు ఉంది. దూరం నుంచే స్పష్టంగా కనిపిస్తోంది. అయినా చివరి ఇరవై గజాల దాకా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. ఆ తర్వాత సడన్ బ్రేకు. వెనక సీట్లో కూర్చున్నావిడ చేతిలోని ఫోను జారి కిందపడింది. ఆ వెనకే స్కూటీ మీద వస్తున్న అమ్మాయి రెండు కాళ్లూ నేలకు ఆనించి బండిని ఎలాగో నిలబెట్టుకుంది.

అదే పచ్చలైటుకు బయల్దేరిన సిటీ బస్సు వెనకగా వస్తోంది. ఎర్రలైటు కంటపడిన చోటే డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. బస్సు తనంతట తానే వేగం తగ్గించుకుంటూ వచ్చింది. పట్నీ చేరేసరికి లైటు మారింది. ఆగాల్సిన పని లేకుండానే రెండో గేరులో క్లాక్ టవర్ వైపు సాగిపోయింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన కొంచెం కూడా తూలలేదు. అంత తొందరపడిన క్యాబ్ అప్పుడే మొదటి గేరులో కదులుతోంది.

ఆ బస్సు డ్రైవర్ చేసింది డీజిల్ పొదుపా, ప్రమాద నివారణా? రెండూను. కాలు తీసింది ఒక్కసారే, లాభం రెండు విధాల దక్కింది. డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఈ రెండింటినీ విడదీసి చూస్తున్నంత కాలం మన పాఠం సగంలోనే ఆగిపోతుంది.

పోలీసుల పాఠం… ప్రజల క్లబ్బు

లైసెన్సు వచ్చాక కూడా డ్రైవింగ్ నేర్చుకోవాల్సింది చాలా ఉందన్న ఆలోచన బ్రిటన్‌లో బలంగా వేళ్లూనుకుంది. అక్కడి పోలీసు డ్రైవర్ల శిక్షణ ఆధారంగా ‘రోడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం 1955లో వెలువడింది. మరుసటి ఏడాదే ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ మోటరిస్ట్స్’ ఏర్పడింది. దాని స్థానిక బృందాల్లో అనుభవజ్ఞులైన వలంటీర్లు పక్క సీట్లో కూర్చుని, మామూలు వాహనదారులకు దూరం చూడటం, ముందే ఊహించడం, కుదుపు లేకుండా నడపడం నేర్పుతారు. ఆ బృందాల లక్ష్యం మొదటినుంచీ భద్రతే. పెట్రోలు ధర పెరిగి, పొగ మీద ఆందోళన మొదలయ్యాక ఇంధన పొదుపు సంగతి కూడా చర్చకు వచ్చింది. 2008లో అక్కడి డ్రైవింగ్ పరీక్షలోనే ఇంధనాన్ని ఆదా చేసే తీరును గమనించడం మొదలుపెట్టారు. పాస్, ఫెయిల్‌కు దాంతో సంబంధం పెట్టలేదు.

మన దగ్గర అంతటి వ్యవస్థ లేదు. కంపెనీలు తమ డ్రైవర్లకు ఇప్పించే డిఫెన్సివ్ డ్రైవింగ్ తరగతులున్నాయి. ఆదివారం తెల్లవారుజామున రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు వరసకట్టే బైక్ రైడర్ల బృందాలున్నాయి. కారు యజమానుల క్లబ్బులున్నాయి. వీటిలో హెల్మెట్, సీటు బెల్టు, వేగం, మలుపుల మీద మాటలు బాగానే సాగుతాయి. మైలేజీ ప్రస్తావన వస్తే మాత్రం అది కంపెనీవాళ్ల సంగతి, మెకానిక్ సంగతి అన్నట్టు పక్కకు పోతుంది. భద్రత పాఠంలో డబ్బు లెక్కలు కలిపితే అసలు విషయం పలచబడుతుందన్న భయం కొందరిది. ఆ భయంలో కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మన ఊళ్లోనే దశాబ్దాలుగా నడుస్తున్న అనుభవాన్ని చూడాలి.

హకీంపేట చెప్పే మాట: కేఎంపీఎల్

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1958 జనవరి 11న అది ఏపీఎస్ఆర్టీసీగా మారింది. వేల బస్సులున్న సంస్థకు లీటరుకు పావు కిలోమీటరు తేడా వచ్చినా ఏడాది తిరిగేసరికి కోట్ల రూపాయల తేడా. అందుకే ఆర్టీసీలో డ్రైవర్ చేరిన తొలినాళ్ల నుంచే వినే మాట ‘కేఎంపీఎల్’. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు అన్నదే దాని అర్థం. ఏ డ్రైవర్ ఎన్ని కిలోమీటర్లు నడిపాడు, ఎంత డీజిల్ పట్టింది అన్న లెక్క డిపోలో ఉంటుంది. ఇంధన పొదుపులో ఉమ్మడి రాష్ట్ర ఆర్టీసీ జాతీయ స్థాయి అవార్డులు పలుమార్లు అందుకుంది.

సికింద్రాబాద్ నుంచి కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ దాటి వెళ్తే హకీంపేటలో ఆర్టీసీ శిక్షణ కళాశాల వస్తుంది. ఆర్టీసీ శిక్షణ పద్ధతిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. డ్రైవర్లను సరిదిద్దే ఉద్యోగి హోదా ‘సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్’. పేరులో ఉన్నది భద్రత. కేఎంపీఎల్ తక్కువ వస్తున్న డ్రైవర్ పక్కన కూర్చుని లోపం ఎక్కడుందో చూసేది కూడా ఆయనే. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచుతున్నాడా, స్టాపు కనిపిస్తున్నా రేస్ చేస్తున్నాడా, గేరు ఆలస్యంగా మారుస్తున్నాడా అని పరిశీలిస్తాడు. ప్రమాదాలు చేసే డ్రైవర్‌ను కూర్చోబెట్టి చెప్పేవి కూడా దాదాపు ఈ మాటలే. ముందు దూరంగా చూడు, తొందరపడకు, ముందు బండికి ఎడం ఇవ్వు. అంటే భద్రతనూ పొదుపునూ ఒకే మనిషి, ఒకే క్యాబిన్‌లో నేర్పే పద్ధతి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ప్రైవేటు డ్రైవింగ్ స్కూళ్లు, క్లబ్బులు దాన్ని అందిపుచ్చుకోలేదంతే.

> పొదుపు… భద్రత: ఒకే అలవాటు, రెండు లాభాలు
>
> ■ దూరం చూడటం: ముందున్న బండి బంపర్ దగ్గరే చూపు ఆగిపోకూడదు. తర్వాతి సిగ్నల్ దాకా చూస్తే బ్రేకు అవసరం తగ్గుతుంది. వెనకవాళ్లు వచ్చి గుద్దే ముప్పూ తగ్గుతుంది.
>
> ■ ఎడం పాటించడం: గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు బండికి కనీసం రెండు సెకన్ల ఎడం ఉంటే కాలు తీసి సర్దుకునే వీలుంటుంది.
>
> ■ టైర్లలో గాలి: గాలి తగ్గితే ఇంజిన్‌కు బరువు పెరుగుతుంది, టైరు వేడెక్కి పేలే ప్రమాదమూ పెరుగుతుంది.
>
> ■ క్లచ్ మీంచి కాలు తీయడం: హాఫ్ క్లచ్ ఇంధనాన్ని, క్లచ్ ప్లేటును రెంటినీ తినేస్తుంది.
>
> ■ నిలకడైన వేగం: ఖాళీ రోడ్డు మీద కారు గంటకు 45–55 కిలోమీటర్ల వేగంతో నడిస్తే ఇంధనం ఆదా అవుతుందని పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ ఏళ్లుగా చెబుతోంది.

బ్రేకులో కాలిపోయే డబ్బు

ఇంధనానికీ ప్రమాదానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఎందుకు? బండిని కదిలించడానికి ఇంధనం కాలుస్తాం. ఆ శక్తి వేగం రూపంలో బండిలో ఉంటుంది. బ్రేకు నొక్కిన ప్రతిసారీ అదంతా వేడిగా మారి గాలిలో కలుస్తుంది. మళ్లీ అదే వేగం కావాలంటే మళ్లీ డబ్బు పెట్టాలి. వేగం 50 నుంచి 70 కిలోమీటర్లకు పెరిగితే బండిలో ఉన్న శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఏదైనా అడ్డొస్తే ఆ శక్తే రేకును, ఎముకను నలిపేది. ఎదురుగాలిని చీల్చుకుపోవడానికి బండి పడే అవస్థ కూడా వేగంతో అలాగే పెరుగుతుంది. హైవే మీద 100 దాటాక మైలేజీ ఎందుకు పడిపోతుందో, ప్రమాదం ఎందుకంత ఘోరంగా ఉంటుందో రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క. పోయినవాళ్లలో ఇంటికి ఆధారమైన కొడుకులున్నారు, పిల్లల్ని స్కూలులో దింపి వస్తున్న తల్లులున్నారు. వేగం తగ్గించమని ప్రాణం పేరుతో ఎన్ని బోర్డులు పెట్టినా చాలామందికి ‘మనకేం కాదులే’ అన్న ధీమా. నెలాఖరుకు జేబులో మిగిలే నోటు అలా కాదు. అది చేతికి కనిపిస్తుంది. ప్రాణభయం ఆపలేని కాలిని పెట్రోలు ధర ఆపగలిగితే ఆ సాయం వద్దనుకోవడం ఎందుకు?

అమెరికాకు చమురు కొరత నేర్పిన పాఠం

ఇందుకు చరిత్రలో గట్టి సాక్ష్యం ఉంది. 1973 చివర అరబ్ దేశాలు చమురు ఎగుమతులు ఆపేయడంతో అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1974 జనవరిలో అక్కడి ప్రభుత్వం దేశమంతటా గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్లు, అంటే దాదాపు 88 కిలోమీటర్లుగా నిర్ణయించింది. ఉద్దేశం చమురు పొదుపు మాత్రమే. ఆ ఏడాది రోడ్డు ప్రమాదాల్లో మరణాలు దాదాపు 54 వేల నుంచి 45 వేలకు దిగాయి. జనం తక్కువ తిరగడం కూడా అందుకు ఓ కారణం. నెమ్మదించిన వేగం పాత్ర కూడా పెద్దదే. చమురు కోసం తెచ్చిన నిబంధన వేల కుటుంబాలను నిలబెట్టింది.

పట్టాల మీద అదే విద్య

సికింద్రాబాద్‌కు రైలు లేకుండా కథ లేదు. 1966 అక్టోబర్ 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ఇక్కడి రైల్ నిలయమే కేంద్రం. లాలాగూడలో విద్యుత్ ఇంజిన్ల షెడ్డు ఉంది. రైలు నడపడంలో లోకో పైలట్‌కు ముఖ్యమైన నేర్పు ‘కోస్టింగ్’. కావాల్సిన వేగం అందుకున్నాక పవర్ తీసేసి, బండిని దాని ఊపు మీదే పోనివ్వడం. ఎక్కడ ఎక్కుడు ఉంది, ఎక్కడ దిగుడు ఉంది, తర్వాతి సిగ్నల్ ఎంత దూరం అన్నది లోకో పైలట్ మనసులో ఉండాలి. ఆ దారి అంతా తెలిసుంటేనే కరెంటు ఆదా అవుతుంది. సిగ్నల్ దాటిపోయే తప్పు జరగకుండా చూసేది కూడా ఆ ఎరుకే. లాలాగూడ షెడ్డులో ఉన్న వాప్-7 రకం ఇంజిన్లయితే బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తిని కరెంటుగా మార్చి పైతీగకు తిరిగి ఇస్తాయి. వందల టన్నుల బరువును వందల మంది ప్రాణాలతో సహా లాక్కెళ్లే లోకో పైలట్‌కు రైల్వే పొదుపునూ భద్రతనూ కలిపే నేర్పుతోంది. ఐదు సీట్ల కారు నడిపేవాళ్లకు మాత్రం ఎందుకు విడివిడిగా నేర్పాలి?

పొదుపు ప్రాణం తీసేదెప్పుడు?

ఇందాక వాయిదా వేసిన భయం సంగతికి వద్దాం. పొదుపు పేరుతో మన రోడ్ల మీద ప్రమాదకరమైన అలవాట్లు పాతుకుపోయాయి. దిగుడులో బండిని న్యూట్రల్ చేసి వదిలేయడం వాటిలో మొదటిది. దానివల్ల ఇంజిన్ ఇచ్చే నిలుపుదల పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంకా పెద్ద పొరపాటు ఇంజిన్ ఆపేసి దించడం. పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. గాలి బ్రేకులున్న బండిలో నొక్కేకొద్దీ గాలి తగ్గుతుందే తప్ప మళ్లీ నిండదు. పైగా ఇందులో పొదుపు కూడా లేదు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కంప్యూటరే ఇంధనాన్ని ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. లారీ వెనక అతుక్కుని గాలి దెబ్బ తప్పించుకోవడం మరో ప్రాణాంతకమైన ఆట.

2018 సెప్టెంబర్ 11 తెలంగాణ మరచిపోలేని రోజు. జగిత్యాల డిపోకు చెందిన ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకు మించి జనం ఎక్కడం, బస్సు పాతబడటం, బ్రేకులు, ఆ దారిలో బస్సు నడపాలన్న నిర్ణయం… ఇలా ఎన్నో ప్రశ్నలు లేచాయి. డీజిల్ మిగల్చాలన్న ఒత్తిడి డ్రైవర్ల మీద ఎంత ఉంటోందన్న మాట కూడా ఆ చర్చలో వినిపించింది. ఏ ఒక్క కారణాన్నో పట్టుకుని తీర్పు చెప్పడం పోయినవాళ్లకు న్యాయం కాదు. పొదుపు అంకె ఒక్కటే కొలబద్ద అయితే డ్రైవర్ మనసు ఎటు మొగ్గుతుందో మాత్రం ఆలోచించి తీరాలి.

డ్రైవర్ వైపు నుంచి చూస్తే బాధ ఇంకోటి ఉంది. కేఎంపీఎల్ తగ్గితే ముందు సంజాయిషీ అడిగేది అతన్నే. ఇంజెక్టరు బాగుందా, టైర్లు అరిగాయా, మెట్టుగూడ నుంచి తార్నాక దాకా ట్రాఫిక్‌లో ఎంతసేపు నిలబడ్డాడు, బస్సు నిండి ఎంతమంది ఫుట్‌బోర్డు మీద వేలాడారు అన్నవి అంకెలో కనిపించవు. మోకాళ్ల నొప్పులతో రోజంతా క్లచ్ తొక్కిన మనిషికి ఆ అంకె అవమానం కాకూడదు. ఇంధన పొదుపును ప్రోత్సహించాలి అన్నప్పుడు శిక్షించాలి అని అర్థం కాదు.

> జేబు లెక్క
>
> 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గాక హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.107.41, డీజిల్ రూ.95.65 ఉండేవి. ఆ ధరల మీద లెక్క వేస్తే:
>
> ■ సొంత కారు: నెలకు 1,000 కి.మీ., లీటరుకు 15 కి.మీ. అనుకుంటే దాదాపు 67 లీటర్ల పెట్రోలు. పది శాతం ఆదా అయితే నెలకు రూ.700 పైనే.
>
> ■ డీజిల్ క్యాబ్: రోజుకు 150 కి.మీ. చొప్పున 25 రోజులు, లీటరుకు 18 కి.మీ. అనుకుంటే దాదాపు 208 లీటర్లు. పది శాతమంటే నెలకు రెండు వేల రూపాయలకు దగ్గర.
>
> ■ సిటీ బస్సు: రోజుకు 250 కి.మీ. తిరిగే బస్సు లీటరుకు 5 నుంచి 5.5 కి.మీ.కు మెరుగుపడితే రోజూ నాలుగున్నర లీటర్లు మిగులు.
>
> ■ లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఒకే నెలలో రెండు ప్రచారాలు

ప్రభుత్వ ప్రచారంలోనూ ఈ విడదీత కనిపిస్తుంది. 2021లో జాతీయ రహదారి భద్రతా మాసం జనవరి 18 నుంచి ఫిబ్రవరి 17 దాకా జరిగింది. ఇంధన పొదుపు మీద చమురు శాఖ ‘సక్షమ్’ ప్రచారం జనవరి 16 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగింది. దాదాపు అవే రోజులు, అవే బంకులు, అవే బస్టాండ్లు, అదే వాహనదారుడు. ఓ బ్యానర్ బతకమంది, ఇంకో బ్యానర్ పొదుపు చేయమంది. రెంటికీ చేయాల్సిన పని ఒకటేనని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

కొత్త నిబంధనల్లో కొంత దారి తెరుచుకుంది. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ 29 గంటలు. అందులో 8 గంటలు తరగతి పాఠాలు. రోడ్డు మర్యాద, ప్రమాదాల కారణాలు, ప్రథమ చికిత్సతోపాటు ఇంధనం ఆదా చేసే డ్రైవింగ్ కూడా ఆ పాఠాల్లో ఉంది. కాగితం మీద రెండూ ఒకే చోటికి వచ్చాయి. ఇక రావాల్సింది స్టీరింగ్ ముందుకి. ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి, రివర్స్ చేసి చూపిస్తే చాలనుకునే స్కూళ్లలో నేర్చుకున్నవాళ్లకు సిగ్నల్ దగ్గర కాలు ఎప్పుడు తీయాలో ఎవరు చెబుతారు?

శిక్షణ ఇచ్చి వదిలేస్తే సరిపోదన్నది కూడా పలు దేశాల అనుభవం. నేర్చుకున్న వారంలో మైలేజీ చక్కగా పెరుగుతుంది. నెలలు గడిచేకొద్దీ కాలు పాత దారి పడుతుంది. అందుకే ఏడాదికోసారి పరీక్ష పెట్టి చేతులు దులుపుకునే కార్యాలయాల కన్నా, నెలనెలా కలుసుకునే క్లబ్బులూ బృందాలే ఈ పనికి తగినవి. వాళ్లకు స్నేహం ఉంది, పోటీ ఉంది, పక్కన కూర్చుని తప్పు చెప్పే చనువు ఉంది.

రేపటి బండికీ ఇదే పాఠం

బ్యాటరీ బండ్లు వస్తే ఈ గొడవంతా ఉండదనుకునేవారున్నారు. 2019లోనే కంటోన్మెంట్, మియాపూర్ డిపోల నుంచి విమానాశ్రయానికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. విద్యుత్ బండిలోనూ కాలు దురుసుగా ఉంటే చార్జింగ్ త్వరగా అయిపోతుంది. ముందే ఊహించి నెమ్మదిస్తే ఆ శక్తి కొంత బ్యాటరీకి తిరిగి చేరుతుంది. చప్పుడు లేని బండి కనుక పాదచారి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఇంధనం మారినా డ్రైవర్‌కు కావాల్సిన గుణం మారదు.

దేశానికి కావాల్సిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నాం. అంత పెద్ద లెక్క సామాన్యుడి చేతిలో లేదు. రేతిఫైల్ బస్టాండు ముందు పొగలో నిలబడి బస్సు కోసం చూసే తల్లి, ఆమె భుజం మీద నిద్రపోయే పిల్లాడు పీల్చే గాలి మాత్రం పక్కన ఇంజిన్ అరిపించే మన కాలి కిందే ఉంది. నెలకు రెండు వేలు మిగిలితే పిల్లల స్కూలు వ్యాన్ ఫీజు తీరే క్యాబ్ డ్రైవర్ ఇంటి సంగతీ అంతే.

చేయాల్సిందేమిటి?

మెరుగైన డ్రైవింగ్ నేర్పే ప్రతి సంస్థా, క్లబ్బూ ఇంధన పొదుపును తన పాఠంలో చేర్చుకోవాలి. అది భద్రత తర్వాతి మెట్టుగా రావాలి, దానికి పోటీగా కాదు. న్యూట్రల్‌లో దించడం, లారీకి అతుక్కోవడం లాంటివి పొదుపు కావని మొదటి తరగతిలోనే తేల్చి చెప్పాలి. మైలేజీ పోటీలు పెడితే సడన్ బ్రేకులను, ఎడం పాటించకపోవడాన్ని లెక్కపెట్టి మార్కులు కోయాలి. ఆర్టీసీ, కంపెనీలు డ్రైవర్ కేఎంపీఎల్‌ను అడిగే ముందు బండి స్థితిని, రూటును చూడాలి. హకీంపేటలో, లాలాగూడలో పోగుపడిన అనుభవం మామూలు జనానికీ అందేలా ఆదివారం తరగతులు పెట్టాలి. రహదారి భద్రతా మాసం, ఇంధన పొదుపు ప్రచారం ఒకే వేదిక మీదికి రావాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగాల్సిన పని లేదు. రేపు ఉదయం మీరు బండి తీసే ముందు టైర్లలో గాలి చూసుకోండి. దూరాన ఎర్రలైటు కనిపించగానే కాలు తీయండి. మీ పిల్లలకు బండి నేర్పుతుంటే మొదటి పాఠంగా ఇదే చెప్పండి.